గడప ముందరి నామశిలలు

మృతులకు గుర్తు నిలుపుట మానవజాతికి అతిప్రాచీనమైన ఆచారము. తెలుగునాట గ్రామసీమలలో నేటికిని కనబడు వీరగల్లులు పోరి మడిసినవారి స్మృతిని నిలుపుచున్నవి. కాని చేత ఆయుధము లేక, ఇంటినుండి ఈడ్వబడి, దూరదేశమున చంపబడి, తమవారిచేత పిడికెడు మట్టికైనను నోచుకొననివారికి గుర్తు ఎక్కడ నిలుపవలెను? నాజీ ప్రభుత్వము యూరపులో సుమారు 60 లక్షల యూదులను హతమార్చెను. వారిలో అత్యధికులకు పేరు చెక్కిన సమాధి లేదు.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చునాటికి జర్మనీలో దాదాపు 5 లక్షల యూదులుండిరి. వారిలో వైద్యులు, న్యాయవాదులు, వర్తకులు, మొదటి ప్రపంచయుద్ధమున ఆ దేశపు పక్షముననే పోరిన సైనికులు కలరు. వారి ప్రాణములు తీయుటకు ముందే పేరును, ఇంటిని తీసికొనిరి. 1939 జనవరి 1 నుండి, ప్రభుత్వము యూదులవిగా గుర్తించిన పేర్లు లేని పురుషులు 'ఇజ్రాయేల్' అనియు, స్త్రీలు 'సారా' అనియు తమ పేర్లకు చేర్చుకొనవలసి వచ్చెను. అదే సంవత్సరము ఏప్రిల్ 30 నాటి శాసనము అద్దె యిండ్లలోని యూదులకు గల రక్షణను తొలగించెను. కుటుంబములు తమ ఇండ్లు వీడి 'యూదుల ఇండ్లు' అనబడిన భవనములలో కిక్కిరిసి కాపురముండవలసినవాయెను. 1941 సెప్టెంబరులో వారి రొమ్ములపై పసుపుపచ్చని నక్షత్రము వెలసెను. మరుసటి యేడు వారి వాకిళ్లకును నక్షత్రపు గుర్తు పడెను. 1941 అక్టోబరు 18న బెర్లిను నుండి యూదులతో తూర్పునకు తొలి రైలు కదలెను. సరిహద్దు దాటిన యూదుని పౌరసత్వము పోవుననియు, ఆస్తి ప్రభుత్వమునకు చెందుననియు నవంబరు 25న శాసించిరి. అనగా తానే రైలెక్కించి, సరిహద్దు దాటినందులకు ఆస్తిని హరించినది ప్రభుత్వము. బల్లలు, పరుపులు, వంటపాత్రలు వేలమునకు వచ్చెను. కొన్నవారిలో పొరుగువారును ఉండిరి.

ఈ విధముగా శూన్యమైన గడపల ముందు పేర్లను మరల నిలుప బూనినవాడు గుంటర్ డెమ్నిగ్ అను శిల్పి. ఆయన 1947లో బెర్లినులో జన్మించెను. 1940 మే నెలలో కొలోను నగరమునుండి సింతీ, రోమా జాతులవారు సుమారు 1,000 మంది తరలింపబడిరి. 1990లో డెమ్నిగ్ ఆ దారి పొడవున వీధులలో గీత గీచెను. అప్పుడొక వృద్ధస్త్రీ, తమ పేటలో అట్టివారెన్నడును నివసింపలేదని పలికెనట. మనుష్యులతోపాటు వారి జ్ఞాపకమును తుడిచివేయబడెనని ఆయన గ్రహించెను. వారిని ఆష్విట్సునకు పంపుటకు హిమ్లరు ఆజ్ఞ యిచ్చి 50 సంవత్సరములు నిండిన దినమున, 1992 డిసెంబరు 16న, కొలోను పురాతన నగరసభా భవనము ముందు తొలి శిల నాటబడెను. 1996లో బెర్లినులోని క్రోయిట్స్‌బెర్గ్ పేటలో అనుమతి లేకయే మరికొన్నిటిని నాటెను. అధికారులు తరువాత వానిని అంగీకరించిరి.

ఈ శిల సుమారు 10 సెంటీమీటర్ల కాంక్రీటు దిమ్మ. పైభాగమున ఇత్తడి రేకు. దానిపై ఒక్కొక్క అక్షరమును చేతితోనే కొట్టుదురు. 'ఇచ్చట నివసించెను' అను మాటతో సాధారణముగా మొదలై, పేరు, పుట్టిన సంవత్సరము, తరలించిన తేది, మరణస్థలము చెప్పి ముగియును. ఒక శిల ఒక మనిషికే. అది బలవంతముగా కుక్కబడిన 'యూదుల ఇంటి' ముందు కాక, ఆ మనిషి స్వేచ్ఛగా ఎంచుకొన్న చివరి ఇంటి ముందు నాటబడును. పీడకులు వ్రాసిన చిరునామా ఇక్కడ చెల్లదు. తప్పించుకొని బ్రదికినవారి పేర్లను సైతము తల్లిదండ్రుల పేర్ల ప్రక్కన చేర్చుటచే చెదరిన కుటుంబము గడప ముందైనను ఒకచోట చేరుచున్నది. సింతీ, రోమా జాతులవారికిని, రాజకీయ ఖైదీలకును, యెహోవా సాక్షులకును, స్వలింగప్రియులకును, చంపబడిన వికలాంగులకును ఇట్టి శిలలు కలవు. పలుచోట్ల పాఠశాలల విద్యార్థులే పాత దస్తావేజులు వెదకి ఈ వివరములు సమకూర్చుచున్నారు.

ఈ పద్ధతికి ఆక్షేపణ లేకపోలేదు. జర్మను భాషలో దీని పేరునకు 'కాలికి తగిలి తొట్రుపడజేయు రాయి' అని అర్థము. కాగితమునకు కాలు తగిలిన కన్నుల కద్దుకొను మన దేశీయులకు, పేరును పాదముల క్రింద ఉంచుట తగునా అను ప్రశ్న వెంటనే తోచును. బాల్యమున ఒక పల్లెలో దాగి బ్రదికిన మ్యూనిక్ యూదనాయకురాలు షార్లోట్టె క్నోబ్లోఖ్ ఈ కారణము చేతనే దీనిని ప్రతిఘటించెను. ఆ నగరసభ 2004లో ప్రభుత్వ వీథులలో ఈ శిలలను నిరాకరించి, 2015లో ఆ నిర్ణయమునే స్థిరపరచెను. 2018 నుండి అచ్చట కంటి యెత్తున గోడలపై ఫలకములను, లేదా ఇంటి ముందు స్తంభములను నిలుపుచున్నారు. శిలలను సమర్థించువారి సమాధానము వేరు: తగులవలసినది కాలికి కాదు, మనస్సునకు, చదువదలచినవాడు తల వంచక తప్పదు. ఉభయుల వాదమును మృతుల గౌరవము కొరకే.

2017 నవంబరులో బెర్లినులోని నోయ్‌కోల్న్ పేటలో 16 శిలలను దుండగులు పెకలించుకొనిపోగా, ప్రజలు విరాళములిచ్చి మరల నాటించిరి. 1938లో యూదులపై దాడులు జరిగిన నవంబరు 9వ తేదిన పలు నగరములలో ఇరుగుపొరుగువారు మోకాళ్లపై కూర్చుండి నల్లబడిన ఇత్తడిని తోముదురు. 2023 మే నెలలో, 1935 నాటి జాతిశాసనములు ప్రకటింపబడిన న్యూరెంబర్గు నగరముననే, లక్షవ శిల నాటబడెను.

లక్ష శిలలన్నను మృతులసంఖ్య యెదుట స్వల్పమే. అందరికిని నాటుట అసాధ్యము. అయినను అరువది లక్షలను సంఖ్య మనస్సున కందదు. ఒక పేరు, ఒక వయస్సు, ఒక వాకిలి అందును. ఆ మహాపాతకము ఎచ్చటనో ముళ్లకంచెల వెనుక మొదలు కాలేదనియు, పొరుగువారు చూచుచుండగా ఈ మెట్ల మీదనే మొదలైనదనియు ఆ ఇత్తడి రేకు దారిన పోవువానికి తెలుపుచున్నది.