ఇంటర్మీడియట్ తరువాత కలన గణితం

కలన గణితం (కాల్‌క్యులస్) మార్పును, మార్పుల మొత్తాన్ని లెక్కించే గణితశాస్త్ర విభాగం. ఇందులో అవకలనం, సమాకలనం అని రెండు ప్రధాన భాగాలున్నాయి. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాలలో విద్యార్థులు దీనిని ఇంటర్మీడియట్‌లో మొదటిసారి చదివి, డిగ్రీలోనో ఇంజనీరింగులోనో కొనసాగిస్తారు. కళాశాలలో చేరినపుడు దీనిని ఏ మెట్టు నుంచి ప్రారంభించవలెను అనునది చాలామందికి ఎదురయ్యే ప్రశ్న. దీనికి సమాధానం విద్యార్థికి వచ్చిన మార్కులలో కాక, పుస్తకం మూసి అతడు స్వయంగా చేయగలిగిన లెక్కలలో లభిస్తుంది.

విషయ పరిచయం

కామారెడ్డి జిల్లా (2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లా) నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం జలాశయాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. జలాశయంలోకి వచ్చే ప్రవాహాన్ని క్యూసెక్కులలో, అనగా సెకనుకు ఇన్ని ఘనపుటడుగులు అని చెపుతారు. ఇది మార్పు రేటు. నిల్వను టి.ఎం.సి.లలో, అనగా వంద కోట్ల ఘనపుటడుగుల లెక్కన చెపుతారు. ఇది మొత్తం. నిల్వ మారుతున్న తీరు నుంచి రేటును రాబట్టడం అవకలనం, రేటు నుంచి చేరిన మొత్తాన్ని రాబట్టడం సమాకలనం. రోజుకు 86,400 సెకనులు గనుక, ప్రవాహం రోజంతా 11,574 క్యూసెక్కుల వద్ద స్థిరంగా ఉంటే సుమారు ఒక టి.ఎం.సి. నీరు చేరుతుంది. ఇంతవరకు గుణకారం చాలును. అయితే వాగు ప్రవాహం గంటగంటకు మారుతుంది. అట్టి సందర్భంలో కాలాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి కూడవలసి వస్తుంది. ఆ భాగాలను ఎంత చిన్నవి చేయవచ్చును అన్న ప్రశ్న నుంచే అవధి అనే భావన పుడుతుంది.

ఇంటర్మీడియట్‌లో నేర్చుకొనే భాగం

ఎం.పి.సి., ఎం.ఇ.సి. విద్యార్థులు చదివే గణితం చాలాకాలంపాటు నాలుగు పత్రాలుగా ఉండేది.

* 1ఎ: ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు, త్రికోణమితి. ఇందులో కలన గణితం లేదు, కాని దాని పునాది ఇక్కడే ఉన్నది.
* 1బి: సరళరేఖలు, అవధులు, అవిచ్ఛిన్నత, అవకలనం, స్పర్శరేఖలు, గరిష్ఠ కనిష్ఠాలు.
* 2ఎ: సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతం, సంభావ్యత మొదలైనవి.
* 2బి: వృత్తాలు, శాంకవాలు, సమాకలనం, నిశ్చిత సమాకలనులు, అవకలన సమీకరణాలు.

బైపీసీ, సి.ఇ.సి., హెచ్.ఇ.సి. విద్యార్థులకు సాధారణంగా గణితం ఉండదు. అట్టివారికి గణితంతో చివరి పరిచయం పదవ తరగతితోనే ముగుస్తుంది.

కళాశాలలో మొదలయ్యే చోటు

కళాశాల పాఠం ఇంటర్మీడియట్ పాఠాన్ని మళ్ళీ మొదటినుంచి చెప్పదు. ఈ సంగతి తెలియకనే అనేకులు తొలి అర్ధ సంవత్సరంలో తడబడుతుంటారు. తెలంగాణ ఉన్నత విద్యామండలి ఆధ్వర్యంలో 2019లో రూపొందిన బి.ఎస్సి. పాఠ్యప్రణాళికలో మొదటి సెమిస్టరు గణితం అవకలన, సమాకలన గణితం. అది రెండు చలరాశుల ప్రమేయాలు, పాక్షిక అవకలనంతో ప్రారంభమైనది. ఏక చలరాశి అవకలనం విద్యార్థికి వచ్చుననే భావించి దానిని రూపొందించారు. రెండవ సెమిస్టరులో అవకలన సమీకరణాలు, మూడవ సెమిస్టరులో వాస్తవ విశ్లేషణ వచ్చినవి. అవధి, అవిచ్ఛిన్నతలకు కచ్చితమైన నిర్వచనాలు, ఉపపత్తులు ఈ చివరి దానిలో ఉంటాయి. కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల డిగ్రీ కళాశాలలు 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం (డిచ్‌పల్లి) పరిధిలోనివి.

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2022లో తెచ్చిన బి.టెక్. ప్రణాళికలో మొదటి సెమిస్టరు గణితం పేరు మాత్రికలు, కలన గణితం. అందులోను మధ్యమ మూల్య సిద్ధాంతాల తరువాత బహు చలరాశుల అవకలనం, సమాకలనం ఉన్నాయి.

స్వీయ పరీక్ష

కింది లెక్కలను సూత్రాల పట్టిక చూడకుండా, కాగితంపై చేసి చూసుకొనవలెను.

# ఎక్స్‌కు హెచ్ కలిపి వర్గం చేసి, అందులోనుంచి ఎక్స్ వర్గాన్ని తీసివేసి, హెచ్‌తో భాగించగా ఏమి వచ్చును? (జవాబు: రెండు ఎక్స్‌కు హెచ్ కలిపినది.)
# రెండు కోణాల మొత్తానికి సైన్ విలువను విస్తరించి వ్రాయగలరా?
# ఎక్స్ వర్గంలోనుంచి 9 తీసివేసి, ఎక్స్ మైనస్ 3తో భాగించిన ప్రమేయానికి, ఎక్స్ 3ను సమీపించినపుడు అవధి ఎంత? (జవాబు: 6. ఎక్స్ 3 అయినపుడు ఆ ప్రమేయానికి విలువే లేదు, అయినను అవధి ఉన్నది.)
# ఎక్స్ పరమ మూల్యం సున్న వద్ద అవిచ్ఛిన్నమే అయినను అక్కడ అవకలజం ఎందుకు లేదు?
# ఎక్స్ వర్గపు సైన్ ప్రమేయానికి అవకలజం ఏమి? (జవాబు: రెండు ఎక్స్‌ను ఎక్స్ వర్గపు కొసైన్‌తో గుణించినది.)
# అయిదవ లెక్క జవాబును సమాకలనం చేసి మళ్ళీ మొదటి ప్రమేయాన్ని రాబట్టగలరా?

ఎక్కడ ప్రారంభించవలెను

మొదటి రెండు ప్రశ్నలలో తడబడినవారు అవధులను పక్కన పెట్టి బీజగణితం, 1ఎలోని ప్రమేయాలు, త్రికోణమితి చదువుకొనవలెను. కలన గణితం రాదని చెప్పుకొనే పలువురికి నిజానికి అడ్డు వచ్చేది భిన్నాలు, ఘాతాంకాలు, త్రికోణమితి సర్వసమీకరణాలే.

మూడు, నాలుగు ప్రశ్నలు రానివారు 1బిలోని అవధుల నుంచి మొదలుపెట్టవలెను. వీరిలో మంచి మార్కులు వచ్చినవారు కూడా ఉంటారు. సూత్రంతో జవాబు రాబట్టడం వేరు, ఆ సూత్రం ఎందుకు పనిచేస్తున్నదో తెలియడం వేరు. ఉదాహరణకు 5 అడుగుల భుజం గల చతురస్ర వైశాల్యం 25 చదరపు అడుగులు. భుజం 5.1 అయితే వైశాల్యం 26.01, సగటు మార్పు రేటు 10.1. భుజం 5.01 అయితే ఆ రేటు 10.01. పెంపు తగ్గేకొద్దీ అది 10ని సమీపిస్తున్నది. ఈ లెక్కను ఒకసారి చేతితో వేసినవారికి అవకలజ నిర్వచనం కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

అయిదు, ఆరు మాత్రమే రానివారికి గొలుసు నియమం, ప్రతిక్షేపణ పద్ధతి పునశ్చరణ చాలును. అన్నీ చేయగలిగినవారు నేరుగా పాక్షిక అవకలనానికి వెళ్ళవచ్చును.

ఇంటర్మీడియట్‌లో గణితం లేనివారు 1ఎ, 1బి, 2బి అనే క్రమాన్ని పాటించుట మంచిది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలు తెలుగులోను, ఆంగ్లంలోను ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారు అవధి అంటే లిమిట్, అవకలజం అంటే డెరివేటివ్, సమాకలని అంటే ఇంటిగ్రల్ అని పదాల జత పట్టిక వ్రాసుకొంటే ఆంగ్ల పాఠం సులువవుతుంది. భావం ముందే వచ్చినవారికి పదం మారడం పెద్ద కష్టం కాదు.

ఇతర దేశాలలో

అమెరికాలోని ఉన్నత పాఠశాలలలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పేరుతో కలన గణిత పరీక్షలు రెండున్నాయి. ఎబి పరీక్ష దాదాపు ఒక సెమిస్టరు కళాశాల పాఠానికి, బిసి పరీక్ష రెండు సెమిస్టర్ల పాఠానికి సమానం. వీటికి 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. స్కోరును బట్టి తొలి పాఠం వదిలి వేయడానికి అనేక విశ్వవిద్యాలయాలు అనుమతిస్తాయి. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా వదిలి వేయవలెనా, మళ్ళీ చదవవలెనా అన్న సందేహం కలుగుతుంది. అనుమతి లభించినా, నిర్ణయానికి ముందు పై స్వీయ పరీక్ష వంటిది వారికీ ఉపయోగపడుతుంది.

పునాదికి తిరిగి వెళ్ళుట

ఒక మెట్టు వెనుకకు వెళ్ళి ప్రారంభించుట వెనుకబాటు కాదు. సెలవులలో కొన్ని వారాలు ప్రమేయాలకు, అవధులకు కేటాయించినవారు మొదటి సెమిస్టరు పాఠాన్ని అనుసరించగలుగుతారు. ఆ పని చేయక ముందుకు పోయినవారికి పాక్షిక అవకలనం వద్ద వచ్చిన లోటు అవకలన సమీకరణాలలోను, వాస్తవ విశ్లేషణలోను మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

ఇవి కూడా చూడండి

* అవకలనం
* సమాకలనం
* త్రికోణమితి
* తెలుగు అకాడమి
* నాగిరెడ్డిపేట