మనిషికి నిషిద్ధం, జింకకు తప్పనిసరి

యుద్ధంలో శత్రువు మీద పేల్చకూడదని 1899లో హేగ్ నగరంలో దేశాలు ఒప్పుకున్న గుండు ఒకటుంది. ఒంట్లోకి దిగగానే ముక్కు విచ్చుకుని పుట్టగొడుగులా తయారయ్యే గుండు అది. ఇంగ్లండులో 1991 నాటి జింకల చట్టం తిరగేస్తే, రైఫిల్‌తో జింకను కొట్టేవాడు అలాంటి గుండునే వాడాలని ఉంటుంది. ముక్కు మెత్తనిదో గుల్లదో అయి తీరాలి, మరొకటి వాడితే నేరం. సైనికుడి మీద వాడితే తప్పు, జింక మీద వాడకపోతే తప్పు! తమాషా ఏమిటంటే, రెండు చోట్లా చట్టం ఉద్దేశం బాధ తగ్గించడమే. ఈ గుండుకు లోకమంతా పెట్టిన పేరు మన దేశపు ఊరిదే: కలకత్తా విమానాశ్రయం ఉన్న డమ్‌డమ్. సన్నని గొట్టం ఉన్న రైఫిల్‌తో జింకల వేటకు వెళ్లేవాళ్లు ఏ తూటా కొనాలని ఇవాళ్టికీ పడే తర్జనభర్జనకు మూలాలు ఆ ఊరి ఆయుధాగారం దాకా పోతాయి. ఆ తర్జనభర్జనలో గొట్టం వ్యాసమెంత, గుండు వేగమెంత అన్న లెక్కలే ఎక్కువగా వినిపిస్తాయి. చరిత్ర చూస్తే అసలు ప్రశ్న అది కాదనిపిస్తుంది. గుండు లోపలికి దిగాక ఏమవుతుందన్నదే ప్రశ్న.

తూటా, గుండు అన్న మాటలు మన వాడుకలో కలిసిపోయాయి గానీ ఇక్కడ విడదీసుకోక తప్పదు. ఇత్తడి గొట్టం, మందు, గుండు అన్నీ కలిస్తే తూటా. ఎగిరిపోయేది గుండు. నల్ల తుపాకిమందు రోజుల్లో గుండు ఒంట్లో ఏమవుతుందని బుర్ర బద్దలు కొట్టుకునే అవసరం పెద్దగా లేదు. ఆ మందు ఇచ్చే వేగానికి హద్దుంది కాబట్టి, దెబ్బ గట్టిగా తగలాలంటే గుండును లావు చేయడమొక్కటే దారి. పైగా అది వట్టి సీసం. మెత్తనిది, దానంతటదే నలిగి వెడల్పవుతుంది. శతాబ్దాల వేట అలాగే సాగిపోయింది. 1850లలో లండన్ తుపాకుల తయారీదారు పర్డీ, తేలిక గుండును ఎక్కువ మందుతో వేగంగా పంపే రైఫిళ్లకు ఎక్స్‌ప్రెస్ రైలు పేరు పెట్టాడు. ఆ కోవ రైఫిళ్లకు గుండు ముక్కును గుల్ల చేసి, రంధ్రంలో రాగి గొట్టం దూర్చేవారు. జింక అక్కడికక్కడే కూలేది. పెద్ద జంతువుల వేటలో పండిపోయిన శామ్యూల్ బేకర్‌కు మాత్రం ఈ గుల్ల గుండ్లు నచ్చలేదు. పైపైనే చితికిపోతాయని, లోపలి దాకా పోవని ఆయన అభ్యంతరం. విచ్చుకోవడమూ కావాలి, దిగడమూ కావాలి. ఒకటి పెరిగితే రెండోది తరుగుతుంది. తర్వాతి నూరేళ్ల కథంతా ఈ రెంటి మధ్య పెనుగులాటే.

అసలు మలుపు 1880లలో వచ్చింది. స్విట్జర్లాండ్‌లో ఎడ్వర్డ్ రూబిన్ 1882లో సీసపు గుండుకు రాగి తొడుగు తొడిగాడు. రెండేళ్లకు ఫ్రాన్సులో పాల్ వియేల్ పొగరాని మందు కనిపెట్టాడు. రెండూ కలిసి 1886లో 8 మిల్లీమీటర్ల లెబెల్ రైఫిల్ అయ్యాయి. దాంతో యూరప్ సైన్యాలన్నీ సన్నని గొట్టాల వెంట పడ్డాయి. బ్రిటన్ కూడా 11 మిల్లీమీటర్ల పైచిలుకు మార్టినీ హెన్రీని పక్కనపెట్టి, 7.7 మిల్లీమీటర్ల .303కు మారింది. మన పోలీసు స్టేషన్లలో తరాల తరబడి కనిపించిన త్రీ నాట్ త్రీ కుటుంబానికి తొలి రూపం అదే. ఇక్కడ ఒక లెక్క చూడాలి. మార్టినీ గుండు 480 గ్రెయిన్లు, అంటే 31 గ్రాములు. వేగం సెకనుకు 1300 అడుగుల పైచిలుకు. .303 గుండు 215 గ్రెయిన్లు, సుమారు 14 గ్రాములే. కార్డైట్ అనే పొగరాని మందు వచ్చాక దాని వేగం 1970 అడుగుల దరిదాపు. గొట్టం మూతి దగ్గర రెండింటి శక్తీ దాదాపు సమానం. పిట్ట కొంచెం, కూత ఘనం అని సైన్యం మురిసిపోయింది. తీరా చూస్తే కాగితం మీద సమానమైనవి ఒంట్లో సమానం కాలేదు. లావు సీసం చితికి ఆగేచోట, నున్నని నికెల్ తొడుగున్న గుండు సన్నని బెజ్జం చేసుకుని అవతలికి వెళ్లిపోయేది. శక్తి అంకెలు చూసి తూటా ఎంచుకోవచ్చనేవారికి ఇంతకన్నా గట్టి జవాబు అక్కర్లేదు.

1895లో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్ మీదికి వెళ్లిన బ్రిటిష్ దళాలు ఈ సంగతే ఫిర్యాదుగా మోసుకొచ్చాయి: గుండు తగిలినా మనిషి ఆగడం లేదని. ఆ ఫిర్యాదుకు మందు డమ్‌డమ్‌లో దొరికింది. మట్టిదిబ్బ అనే అర్థమున్న దమ్‌దమా నుంచి ఆ పేరు వచ్చిందంటారు. బెంగాల్ ఫిరంగి దళానికి ఒకప్పటి కేంద్రం అది. ఆవు, పంది కొవ్వు పూసిన తూటాల గురించిన వదంతి 1857 జనవరిలో మొదట గుప్పుమన్నదీ అక్కడే. ఒక్క ఊరు తూటా చరిత్రలో రెండుసార్లు, అదీ రెండు వేర్వేరు కారణాలకు తలెత్తడం చూస్తే, ఊళ్లకూ జాతకాలుంటాయేమో అనిపిస్తుంది. అక్కడి ఆయుధాగారంలో కెప్టెన్ నెవిల్ బెర్టీ క్లే చేసిన పని చూస్తే చాలా చిన్నది. గుండు ముక్కు మీద తొడుగును కొద్దిగా, మిల్లీమీటరు మేర, ఎత్తేసి లోపలి సీసాన్ని బయట పెట్టాడు. అంతే, పాత లావు సీసం గుణం సన్నని గుండుకు తిరిగొచ్చింది. దానికో లోపమూ ఉంది. అడుగున ఎలాగూ తెరిచి ఉండే తొడుగుకు ముందు కూడా కన్నం పడితే, సీసం ఒక్కటే దూసుకుపోయి తొడుగు గొట్టంలో ఇరుక్కునే ప్రమాదం. ఇంగ్లండు 1897లో మార్క్ 4 పేరుతో గుల్ల ముక్కు గుండు తెచ్చి, మరుసటి ఏడు సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ యుద్ధంలో వాడింది. దానికీ తొడుగు ఊడే జబ్బు తప్పలేదు.

ఈలోగా జర్మనీలో ట్యూబింగెన్ ఆచార్యుడు పాల్ ఫాన్ బ్రున్స్ ఈ గుండ్లు చేసే గాయాలు ఘోరమని ప్రయోగాలతో చూపించాడు. ఆ ప్రయోగాల్లో ఆయన పేల్చింది మాత్రం డమ్‌డమ్ గుండు కాదు, సీసం ఇంకా చాలా ఎక్కువగా బయటికి కనిపించే వేట గుండు! అంటే మనుషుల గుండుకు జింకల గుండు తరఫున శిక్ష పడిందన్నమాట. హేగ్‌లో బ్రిటన్ తరఫున జాన్ ఆర్డా చేసిన వాదన ఇవాళ చదివితే సిగ్గనిపిస్తుంది: నాగరికుడైన సైనికుడు గాయపడితే పడుకుంటాడు, అనాగరికుడు మీదికి వస్తూనే ఉంటాడని. బ్రిటన్, అమెరికా వ్యతిరేకించినా నిషేధం నెగ్గింది. బ్రిటన్ 1907లో గానీ దారికి రాలేదు. ఇక్కడే, జింకకు ఆ గుండే తప్పనిసరి చేయడం కపటం కాదా అని ఎవరైనా అడగవచ్చు. కాదనే చెప్పాలి. సైనికుడు యుద్ధం నుంచి తప్పుకుంటే చాలు, అతని వెనక ఆసుపత్రి ఉంటుందన్నది ఆ నిషేధం వెనకున్న ఆలోచన. జింకకు ఆసుపత్రి లేదు. సన్నని బెజ్జంతో పొదల్లోకి పారిపోతే గంటలో, రోజులో నరకం అనుభవించి చస్తుంది. అక్కడ దయ అంటే త్వరగా చంపడం.

హేగ్ వల్ల పోయిందీ ఒకటుంది. సైన్యానికీ వేటకూ గుండు విద్య ఒక్కటిగా ఉండేది. అక్కడి నుంచి దారులు వేరయ్యాయి. గుండు లోపల ఏం చేస్తుందన్న బాధ్యత వేట కంపెనీలకు మిగిలింది. వాళ్లేమో అంకెల మోజులో పడ్డారు. అమెరికాలో చార్లెస్ న్యూటన్ రూపొందించిన .22 హైపవర్‌ను సావేజ్ కంపెనీ 1912లో తెచ్చింది. 70 గ్రెయిన్ల గుండు, 2800 అడుగుల వేగం. చైనాలోని ఫూజియన్‌లో హ్యారీ కాల్డ్‌వెల్ అనే మిషనరీ దాంతో పులులనే కొట్టాడు. మూడేళ్లకు అదే కంపెనీకి న్యూటన్ .25 తూటా చేసి పెట్టాడు. ఆయన కోరింది 100 గ్రెయిన్ల గుండు. పెట్టె మీద 3000 అడుగుల వేగం అని అచ్చేసుకోవాలని కంపెనీ 87 గ్రెయిన్లకు దించింది. జింక ఛాతీ గురించి కాక ప్రకటన గురించి ఆలోచించి గుండు బరువు నిర్ణయించడం అప్పటికే మొదలైంది.

గురి కుదిరితే ఏ గుండైనా ఒకటేననేవారు డబ్ల్యూ.డి.ఎమ్. బెల్ పేరు ఎత్తుతారు. ఆయన ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను, ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తోనే చంపాడు. నిజమే. కానీ ఆయన వాడింది విచ్చుకోని గట్టి గుండు, ఎందుకంటే ఏనుగు మెదడు దళసరి ఎముక వెనక ఉంటుంది, అక్కడిదాకా దిగడమే కావాలి. పలచని ఛాతీ ఉన్న జింకకు అదే గుండు పేలిస్తే చిత్రాల్ ఫిర్యాదు తిరిగొస్తుంది. బెల్ ఉదాహరణ గొట్టం చిన్నదైనా ఫర్వాలేదని చూపిస్తుంది గానీ, గుండు ఏదైనా ఫర్వాలేదని కాదు. ఎదురుదిక్కున పొరపాటూ ఉంది: కుందేళ్లకూ నక్కలకూ చేసిన పలచని తొడుగు గుండును జింక మీద వాడడం. అది భుజం ఎముకకు తగిలి చిట్లి, గాయం పెద్దదిగా కనిపించినా ఊపిరితిత్తులు చేరదు. 1946లో జాన్ నోస్లర్‌కు కెనడాలో మూస్ దుప్పి మీద ఎదురైంది ఇలాంటి వైఫల్యమే. ఆయన తొడుగు మధ్యలో అడ్డగోడ కట్టాడు. ముందరి సగం విచ్చుకుంటుంది, వెనక సగం అలాగే ఉండి లోపలికి తోస్తుంది. బేకర్ అడిగినదీ డమ్‌డమ్ ఇచ్చినదీ ఒక గుండులో ఇమిడాయి.

1955లో ఈ గుణపాఠానికి ధర కూడా కట్టారు. వించెస్టర్ .243నీ, రెమింగ్టన్ .244నీ ఒకే ఏడు తెచ్చాయి. రెండూ 6 మిల్లీమీటర్లవే, సామర్థ్యంలో తేడా స్వల్పం. వించెస్టర్ గొట్టంలో గుండును తిప్పే గాడులను పది అంగుళాలకు ఒక చుట్టు చొప్పున కోసి, 100 గ్రెయిన్ల గుండుతో ఇది జింకలకూ పనికొస్తుందంది. రెమింగ్టన్ తన తూటాను చిన్న జంతువులదనుకుని, పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు చొప్పున గాడులు కోసి, 75, 90 గ్రెయిన్లతో సరిపెట్టింది. బరువైన పొడవాటి గుండును అది నిలకడగా తిప్పలేదన్న పేరు వచ్చింది. .243 ఇప్పటికీ ప్రపంచమంతా అమ్ముడవుతోంది. .244 కొన్నేళ్లకే పేరూ గాడులూ మార్చుకోవలసి వచ్చింది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు ఈ ఎంపిక ప్రసక్తే లేదు. బ్రిటన్‌లో అది ఇంకా కదులుతూనే ఉంది. ఇంగ్లండులో జింకలకు మామూలుగా .240 అంగుళాలకు తక్కువ గొట్టం కుదరదు. ముంట్‌జాక్ లాంటి చిన్న జింకలకు మాత్రం 2007లో .22 తరగతి రైఫిళ్లకు అనుమతిచ్చారు, 50 గ్రెయిన్లకు తగ్గని, విచ్చుకునే గుండుతోనే. ఇప్పుడు తగువు సీసంతో. గుండు చిట్లినప్పుడు మాంసంలో మిగిలే సీసపు నలుసులు తిని రాబందులు, గద్దలు చస్తున్నాయి. కాలిఫోర్నియా కాండర్లనే రాబందుల కోసం 2019 నుంచి వేటలో సీసం మాన్పించింది. బదులు వచ్చినది రాగి గుండు. రాగి సీసం కన్నా తేలిక, అంతే బరువు కావాలంటే గుండు పొడవవ్వాలి, అప్పుడు పాత గొట్టాల గాడులు చాలవు. అందుకే స్కాట్లాండ్ 2023లో పెద్ద జింకలకు గుండు కనీస బరువును 100 గ్రెయిన్ల నుంచి 80కి దించింది. ముక్కు విచ్చుకోవాలన్న షరతును మాత్రం ముట్టుకోలేదు.