గాయమునకు గడువు

మోటారు సైకిలుపై పోవువానికి చుట్టును రక్షణగా గోడలు లేవు. లారీ తగిలినచో ఆ దెబ్బ నేరుగా ఎముకలపై పడును. ఆసుపత్రి మంచమునందు నెలల తరబడి పడియున్న అట్టివాని కొరకు న్యాయస్థానము ఎంతకాలము వేచియుండవలెను? నష్టపరిహారపు చరిత్రను పరిశీలించినపుడు ఈ ప్రశ్నయే మాకు మరల మరల ఎదురైనది.

పూర్వపు ఇంగ్లీషు న్యాయము ప్రకారము, ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు పరిహారము కోరు హక్కు లేదు. 1846లో అచ్చటి పార్లమెంటు ఆ హక్కును కల్పించినది. 1855లో అట్టి చట్టమే మన దేశమునకును వచ్చినది. కాని హక్కు ఉండుట వేరు, దానిని పొందుట వేరు. సివిలు కోర్టులో దావా వేయవలెను. కోరిన సొమ్మును బట్టి రుసుము ముందే కట్టవలెను. సంపాదించు చేయి విరిగిన ఇంట ఆ రుసుము ఎక్కడినుండి వచ్చును?

1939 నాటి మోటారు వాహనముల చట్టము, వాహనము వలన ఇతరులకు కలుగు హానికై బీమాను తప్పనిసరి చేసినది. ఆ నిబంధన 1946 జూలై 1 నుండి అమలైనది. 1956 నాటి సవరణ, ఈ దావాలు విచారించుటకు ప్రత్యేక ట్రిబ్యునళ్లకు వీలు కల్పించినది. ద్వారము తెరచుకొన్నది, కాని 60 దినములలో దరఖాస్తు చేయవలెనని గడువు పెట్టిరి. 1969లో అది 6 నెలలైనది. 1988 చట్టము ఆ 6 నెలలనే నిలిపి, ఏడాది దాటినచో ఎట్టి కారణమును వినరాదన్నది. ఆ కాఠిన్యమును గుర్తించి 1994లో పార్లమెంటు గడువునే తొలగించినది.

ఇరువది యేడేండ్ల పిమ్మట, 2022 ఏప్రిల్ 1 నుండి, 2019 సవరణ ద్వారా 6 నెలల గడువు తిరిగి వచ్చినది. దానిని న్యాయస్థానములలో సవాలు చేసిరి. కాలము గడచినకొలది సాక్ష్యము చెదరునను వాదమును మేము కాదనము. అయినను గడువు తెలియని కూలివాని మాట ఏమి?

సమాధానము ఆ సవరణయందే కొంత కలదు. ప్రమాద నివేదికను పోలీసులు 3 నెలలలో ట్రిబ్యునలుకు పంపవలెను. దానినే దరఖాస్తుగా స్వీకరింపవచ్చును. ఈ నిబంధన ప్రతి ఠాణాలోను శ్రద్ధగా అమలు కావలెనని మా అభిప్రాయము. గాయపడినవాడు నడచి రాలేనపుడు, అతని పక్షమున కాగితమైనను నడచి రావలెను గదా!