టీ అంగళ్ళ లెక్కలు – గణకయంత్రము

ఇంగ్లండులో టీ అంగళ్ళు నడిపిన లయన్స్ కంపెనీవారు 1951లో ‘లియో’ అను గణకయంత్రమును వ్యాపారపు లెక్కలకు వినియోగించిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ‘ఎడ్సాక్’ దానికి మాతృక. గుమాస్తాకు సుమారు 8 నిమిషములు పట్టు ఒక ఉద్యోగి జీతపు లెక్కను లియో ఒకటిన్నర సెకనులో ముగించెడిది.

కాని అంగళ్ళనుండి నిత్యము వచ్చు సరకుల చీటీలన్నిటిని కార్డులపై ఎక్కించవలసివచ్చినచో ఆ వేగమెందుకు? కంపెనీలో పనిపద్ధతులను పరిశీలించు శాఖ యంత్రమునకు ముందునుండియే ఉండెను. అదియే వారి అదృష్టమని చెప్పవచ్చును. వారు చీటీలనే మానిపించిరి! ఏ అంగడికి ఏ వారమున ఎంత సరకు వలయునో ముందే నిర్ణయించి కార్డులపై ఉంచిరి. మార్పున్నచో మాత్రమే అంగడి నిర్వాహకురాలు టెలిఫోనులో తెలిపెడిది. వినువారు వినుచునే కార్డుపై రంధ్రములు వేసెడివారు. ఈ ఏర్పాటు 1954లో అమలులోనికి వచ్చెను.