దస్తూరి లేని జాబు: ఈ-మెయిలు చరిత్ర

ధాన్యపు వర్తకులు వ్రాయు చీటీలను చూచినవారికి ఒక గుర్తు పరిచితమే. బస్తాలు 20 అని వ్రాసి, ప్రక్కను ఆంగ్లపు ‘ఏ’ అక్షరము చుట్టును తోక త్రిప్పినట్లుండు గీత గీసి, తరువాత వెల వేయుదురు. బస్తా ఒక్కింటికి ఇంత చొప్పున అని దాని యర్థము. పాశ్చాత్య వర్తకులు వందల యేండ్లుగా వాడుచున్న గుర్తది. నేడు అదే గుర్తు మన మనుమల విలాసములలోనికి వచ్చి కూర్చున్నది. అమెరికాలోని పిల్లవాడు “తాతయ్యా, నా మెయిలు వ్రాసికొనుము” అని చెప్పునప్పుడు తన పేరునకును సంస్థ పేరునకును నడుమ ఈ వర్తకపు గుర్తునే చెప్పును. అంగడి లెక్కలోని గుర్తు జాబులోనికి ఎట్లు వచ్చెనో, ఆ మార్పులో మన పాత జాబులకుండిన యే గుణము జారిపోయెనో ఈ సాయంకాలము మనవి చేసెదను.

మొదటి దినములలో కంప్యూటరు అనగా ఒక గదినిండ నుండెడి యంత్రము. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి యుండుట ఊహకు రాని మాట. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున 1960 తరువాత ఒకే యంత్రమును పలువురు పంచుకొని వాడుకొను పద్ధతి యేర్పడినది. ఉదయము పనిచేసి పోవువాడు సాయంకాలము వచ్చువానితో ఏదైన చెప్పవలెనన్న, అతని పేరు పెట్టి ఒక చీటీవంటిదానిని యంత్రములో అందరకు కనబడుచోట విడిచి పోయెడివాడు. రచ్చబండమీద కాగితము పెట్టి, ఎగిరిపోకుండ రాయి యుంచి పోయినట్లే. 1965లో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మారిస్ అను ఇద్దరు పనివారు ఎవరి చీటీ వారి పెట్టెలోనే పడునట్లు ఒక యేర్పాటు వ్రాసిరి. కాని అది ఒక యంత్రములోని మాట. ఊరు దాటని టపా.

ఊరు దాటించినవాడు రే టామ్లిన్సన్. అమెరికా రక్షణ శాఖవారి ధనముతో 1969లో ఆర్పానెట్ అను తీగల వల యొకటి ఆరంభమై, విశ్వవిద్యాలయములలోను పరిశోధనాలయములలోను నున్న యంత్రములను ఒకదానితో నొకటి కలిపినది. టామ్లిన్సన్ ఆ పనిలో నున్న ఒక సంస్థ యుద్యోగి. జాబులు పంపు విధమును కనుగొనుమని అతని నెవరును ఆజ్ఞాపింపలేదు. బాగుండునని తోచి చేసెను. 1971లో ఒకే గదిలో ప్రక్కప్రక్కల నున్న రెండు యంత్రముల నడుమ, ఆ వల మీదుగానే, మొదటి జాబు నడిచినది. అందేమి వ్రాసితినో జ్ఞాపకము లేదని ఆయన పిమ్మట చెప్పెను; చేతికందిన మీటలను వరుసగా నొక్కియుండునట! తంతిమీదను టెలిఫోనులోను నడచిన మొదటి మాటలను లోకము భద్రపరచుకొన్నది గాని, ఈ మొదటి జాబు పుట్టినచోటనే పోయినది.

విలాసమునకు రెండు భాగములు కావలసియుండెను: ఎవరికి, ఏ యంత్రమునందు. రెంటికి నడుమ ఒక హద్దురాయి కావలెను. మనుష్యుల పేర్లలో నెన్నడును రాని గుర్తు ఏదియా యని మీటల పలకను వెదకి, ఆయన ఈ వర్తకపు గుర్తును తీసికొనెను. ఆంగ్లమున దానిని ‘ఎట్’ అని చదువుదురు. ఫలానాచోట అని చెప్పుటకును అదే మాట. గుర్తునకు ఎడమ నున్నది మనిషి, కుడి నున్నది ఊరు. ఈ యేర్పాటు యెంత త్వరగా వ్యాపించెననగా, ఆర్పానెట్ మీద నడచు సమాచారములో ముప్పాతిక వంతు జాబులేయని 1973 నాటికే లెక్క తేలినది. గణితపు పనులకై వేసిన తీగలు కుశలప్రశ్నలతో నిండిపోయినవి.

1982లో జాన్ పోస్టెల్ ఈ టపా నడవవలసిన నిబంధనలను వ్రాసి ప్రకటించెను. వానిని తరువాత పెంచిరి, సవరించిరి గాని, పునాది నేటికి నదే. ఒక టపా యంత్రము మరొకదాని గుమ్మము తట్టి “నేను ఫలానాదానను” అనును. “ఫలానావారి జాబు తెచ్చితిని, మీయింట ఫలానావారికి” అనును. లోపలి యంత్రము ప్రతి మాటకును “సరే” యనును. చివరకు జాబు పుచ్చుకొనును. అంతే. “నీవు చెప్పినవారే దీనిని వ్రాసిరా?” అని అడుగు మాట ఆ సంభాషణలో లేదు.

ఇది వ్రాసినవారి అజ్ఞానము కాదు. ఆనాడు ఆ వల మీద నున్నవారు పరిమితమైన విద్వద్వర్గము. పెక్కండ్రు పరస్పరము ఎరిగినవారు. పదియిండ్ల పల్లెలో తలుపులకు గడియలుండవు. తరువాత ఆ పల్లెయే భూమండలమంతయు నిండగా, గడియలు లేని తలుపులు మాత్రము అట్లే మిగిలినవి.

వెలలేకుండుట మరొక తలుపు. మన దేశమున 1854లో పావు తులము బరువుగల లకోటాకు దూరముతో నిమిత్తము లేక అరణా చొప్పున సుంకము నిర్ణయించిరి. 1879లో కానీ కార్డు వచ్చినది. అది యెంత స్వల్పమైనను, వేయి కార్డులు వ్రాయదలచినవాడు వేయి కానులు లెక్కపెట్టుకొనవలెను. ఈ-మెయిలునకు బిళ్ళ లేదు. ఒకటి పంపినను లక్ష పంపినను పంపువానికి భేదమంతగా లేదు. 1978లోనే ఒక కంప్యూటరు వర్తక సంస్థ యుద్యోగి తమ సరకును మెచ్చుకొనుచు సుమారు 400 మందికి ఒక్కసారిగా జాబు పంపెను. అందుకొన్నవారు మండిపడిరి. అయినను సరకు అమ్ముడుపోయినదట! నేడు మన పెట్టెలలో పడుచున్న పిలువని జాబులకన్నిటికి అదియే పెద్దన్న.

మన దేశమున 1986లో ఆరంభమైన ఎర్నెట్ అను వల విద్యాసంస్థలకు ఈ సౌకర్యమును తెచ్చినది. 1995 ఆగస్టు 15న విదేశ సంచార నిగము లిమిటెడు వారు సామాన్య జనమునకు ఇంటర్నెట్ తెరచిరి. మరుసటి యేడు, 1996 జూలై 4న, మన దేశమునుండి వెళ్ళిన సబీర్ భాటియాయు, జాక్ స్మిత్ అను అమెరికనుడును హాట్‌మెయిల్ అనుదానిని పెట్టి, సొంత యంత్రము లేనివాడును ఏ యూరినుండియైనను ఉచితముగా జాబు చూచుకొను వీలు కల్పించిరి. మన పట్టణములలో గంటకింత యని పుచ్చుకొను ఇంటర్నెట్ అంగళ్ళు వెలసినది ఆ తరువాతనే.

తెలుగునకు మాత్రము చోటు ఆలస్యముగా దొరకినది. ఆ తొలి టపా మోయగలిగినది 128 సంకేతములనే; అవి ఆంగ్లాక్షరములకును అంకెలకును సరిపోయినవి. కనుక సముద్రము దాటిన మన పిల్లలు తెలుగుమాటను ఆంగ్లాక్షరములలో పొదిగి యొండొరులకు వ్రాసికొనిరి. ‘అమ్మ’ అను రెండక్షరములకు నాలుగు మీటలు నొక్కవలసి వచ్చెను! 1991లో వెలువడిన యూనికోడ్ అను సర్వలిపి పట్టికలో మన లిపికి 128 గదులు కేటాయించిరి. 1992లో టపా నిబంధనలును ఇతర లిపులను, బొమ్మలను మోయునట్లు సవరింపబడినవి. యంత్రములు వానినన్నిటిని నేర్చుకొనుటకు మరి పదియేండ్లకు పైగా పట్టినది.

లిపి వచ్చినది గాని దస్తూరి రాలేదు. నేను జారిపోయినదంటినే, ఆ గుణమిదియే. పూర్వము కార్డు చేతికందగానే, పేరు చదువక మునుపే, ఇది పెద్దవాడు వ్రాసినది, ఇది అల్లుడుగారు వ్రాసినది అని చెప్పగలిగెడివారము. కొమ్ముల సాగదీతలో, తలకట్టు వంపులో మనిషి కనబడెడివాడు. కార్డుమీద ఎవడైనను ఎవరి పేరైనను వ్రాయవచ్చును, తపాలా బంట్రోతు అడుగడు. కాని దస్తూరి దొంగను పట్టియిచ్చెడిది. తెరమీద అందరి అక్షరములును ఒక్కటే. కావుననే కుమారుని పేరుతో “ఆపదలో నున్నాను, వెంటనే సొమ్ము పంపుడు” అనియు, బ్యాంకు పేరుతో “మీ ఖాతా నిలిచిపోవును, ఇచ్చట నొక్కుడు” అనియు జాబులు పుట్టుచున్నవి. పైన కనబడు పేరు పంపువాడు తాను పెట్టుకొన్నదే. దానిక్రింద నున్న అసలు విలాసమును, ముఖ్యముగా గుర్తునకు కుడినున్న ఊరిపేరును, అక్షరమక్షరము చూడవలెను. ధనము మాటగాని రహస్య సంఖ్యల మాటగాని యున్నచో, ఆ జాబునకే బదులు వ్రాయక, మనకు ముందే తెలిసిన ఫోనుసంఖ్యకు పిలిచి అడుగవలెను.

నిపుణులు ఊరక కూర్చుండలేదు. పంపిన సంస్థయొక్క యంత్రము జాబుమీద రహస్యగణితముతో ముద్రవేయు పద్ధతికి 2007లో ప్రమాణము వెలువడినది. పెద్ద సంస్థలు నేడు దానిని పరీక్షించి, ముద్రలేనివానిని పెక్కింటిని త్రోసివేయుచున్నవి. కాని ఆ ముద్ర ఊరికి సాక్ష్యము, మనిషికి కాదు. కుమారుని పెట్టె తాళము దొంగిలించినవాడు వ్రాసిన జాబుమీదను సరియైన ముద్రయే పడును.

తాళమను మాట వచ్చినది గనుక ఒక సంగతి. చదువురానివారికి వెనుక కరణముగారో బడిపంతులుగారో జాబులు వ్రాసి పెట్టెడివారు. ఇంటిగుట్టు వారికి తెలిసెడిది. అయినను మనము ఎదుట కూర్చుండి చెప్పనిదే మన పేర జాబు కదలెడిది కాదు. నేడు ఆ స్థానమున నెట్ సెంటరులోని కుర్రవాడున్నాడు. పింఛను దరఖాస్తుకో రైలు టిక్కెట్టుకో మెయిలు కావలెనన్నప్పుడు అతడే పెట్టె తెరచి, అతడే సంకేతపదము పెట్టి, తన పుస్తకములో వ్రాసికొనును. పెక్కుమంది మంచివారే. కాని మనము ఇంటికి వచ్చిన తరువాతను తాళము అతనియొద్దనే యున్నది. బ్యాంకువారి కాగితములును, భూమి కాగితముల నకళ్ళును ఆ పెట్టెలోనికే వచ్చును. 2000 సంవత్సరపు చట్టము ఇట్టి విద్యుత్పత్రములకు చెల్లుబాటు కల్పించినది గనుక మన పేర పోయిన జాబునకు ఎంత బలమున్నదో యోచింపుడు. ఇంట చదువుకొన్న పిల్ల యెవరైన నున్నయెడల, ప్రక్కను కూర్చుండబెట్టుకొని, సంకేతపదమును మార్పించుడు. పెట్టె మరచినపుడు తిరిగి తెరచుటకు ఇచ్చిన ఫోనుసంఖ్య మీదియో, ఆ కుర్రవానిదియో, అదికూడ అప్పుడే చూచుకొనుడు.