నహపానుడి నాణెం

మాది నస్పూర్. సింగరేణి పిల్లలకి పర్షియా అంటే సినిమాల్లో చూసేదే. గోదావరి ఎగువన కోటిలింగాలలో సాతవాహనుల నాణేలు దొరికాయని తెలిశాక వాళ్ల గురించి చదవడం మొదలుపెట్టి, వాళ్ల శత్రువుల బిరుదు దగ్గర ఆగిపోయాను: క్షత్రప.

సంస్కృతంలా వినిపిస్తుంది గానీ ఈ మాట ఇరాన్ నుంచి వచ్చింది. రాజ్యాన్ని కాచేవాడు అని అర్థం. డేరియస్ బెహిస్తూన్ కొండమీద చెక్కించిన శాసనంలో తన బాక్ట్రియా పాలకుణ్ణి అలాగే పిలిచాడు. ఆ సామ్రాజ్యం క్రీ.పూ. 330 నాటికి అలెగ్జాండర్ చేతిలో కూలింది. పదవి పేరు మాత్రం బతికి, శకులతో పాటు పశ్చిమ భారతానికి చేరింది.

ఆ బిరుదున్న నహపానుణ్ణి గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. చాలావాటిలో నహపానుడి బొమ్మ మీదే శాతకర్ణి ముద్ర కొట్టి ఉంది. కరిగించలేదు, ఓవర్‌రైట్ చేశారంతే. కింద పాత మొహం ఇంకా ఆనవాలు పట్టొచ్చు.

తల్లి బాలశ్రీ నాసిక్ శాసనంలో కొడుకుని శక, యవన, పహ్లవులను నాశనం చేసినవాడని పొగిడింది. పహ్లవులంటే ఇరాన్ పార్థియన్లు. నిజంగా నాశనమయ్యారా? క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో శక క్షత్రపుడు రుద్రదాముడు ఒక శాతకర్ణిని రెండుసార్లు ఓడించి కూడా, దగ్గరి చుట్టరికం వల్ల వదిలేశానని చెప్పుకున్నాడు.

ఎవరైనా మనవాళ్లు, పరాయివాళ్లు అని గట్టిగా వాదిస్తుంటే నాకు ఆ చుట్టరికమే గుర్తొస్తుంది.