నల్లకుంట నుంచి కౌంటీ కోర్టు దాకా

1978 మార్చి నెలాఖరు. నేను హైదరాబాదులో డిగ్రీ చదువుతూ విద్యానగర్‌లో పిన్నిగారింట్లో ఉండేదాన్ని. ఒకరోజు పొద్దున్నే కూరలకని వెళ్ళిన బాబాయి ఖాళీ సంచితో తిరిగొచ్చి, "నల్లకుంట వైపు గొడవలట, ఎవరూ గడప దాటకండి" అన్నారు.

రమీజాబీ పేరు వినడం అప్పుడే. భర్త అహ్మద్ హుస్సేన్ రిక్షా తొక్కేవాడు. రాత్రి సినిమా చూసి వస్తుంటే ఆమెను నల్లకుంట పోలీసు స్టేషనుకు పట్టుకెళ్ళారు. అక్కడ పోలీసులే ఆమె మీద అత్యాచారం చేశారని, భర్తను కొట్టి చంపారని తెలిసి జనం అతని శవంతో స్టేషను మీదికి వెళ్ళారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి, ఊళ్ళో కర్ఫ్యూ పెట్టారు.

ఇంట్లో అందరం అయ్యో పాపం అనుకున్నాం. "అయినా అంత రాత్రప్పుడు సినిమాకి ఎందుకెళ్ళినట్టు?" అని కూడా ఒకరన్నారు. ఆ మాట అన్నది నేనే. పిన్ని నావైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

విచారణకు ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్‌తో కమిషన్ వేసింది. అక్కడ పోలీసుల తరఫు వాదన నా ప్రశ్నకు పెద్దన్న లాంటిది. ఆమె నడవడి మంచిది కాదన్నారు, ఆ పెళ్ళి అసలు పెళ్ళే కాదన్నారు. కమిషన్ ఆ వాదనను పక్కన పెట్టి, పోలీసులదే తప్పని తేల్చింది. అయితే కమిషన్ నివేదిక కోర్టు తీర్పు కాదు. కేసు పొరుగు రాష్ట్రంలోని రాయచూరుకు మారింది, 1981లో అక్కడి సెషన్స్ కోర్టు నిందితులను వదిలేసింది. నేనప్పటికి పెళ్ళి చేసుకుని విమానం ఎక్కే హడావిడిలో ఉన్నాను. పేపర్లో ఆ వార్త చదివానో లేదో కూడా గుర్తు లేదు.

అదే 1978లో సుప్రీంకోర్టు మథుర కేసులో తీర్పు చెప్పింది. మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషనులో 1972లో ఒక గిరిజన బాలిక మీద జరిగిన అఘాయిత్యం అది. బొంబాయి హైకోర్టు వేసిన శిక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు, కేకలు వేసిన ఆనవాలు లేదు, కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టేనన్నది ఆ తీర్పు సారాంశం. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. అత్యున్నత న్యాయస్థానాన్ని అలా నిలదీయడం ఆ రోజుల్లో చిన్న సంగతేమీ కాదు. ఆ లేఖతో దేశమంతా మహిళా సంఘాలు కదిలాయి. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన పనిచేసిన కాలమూ అదే.

1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో జరిగిన అత్యాచారాలలో, తన ఇష్టం లేదని ఆమె చెబితే కోర్టు అది నిజమనే భావించాలి, కాదని రుజువు చేసుకోవలసింది నిందితుడు. భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేసిన 498ఎ కూడా ఆ ఏడాదిదే. కానీ బాధితురాలి శీలం మంచిది కాదని కోర్టులో చూపించవచ్చన్న నిబంధన 1872 నాటి సాక్ష్య చట్టంలో అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేసింది 2002 సవరణ. నూట ముప్ఫై ఏళ్ళు! గృహహింస నుంచి రక్షణ చట్టం 2006 అక్టోబరులో అమలులోకి వచ్చింది. అర్జీని అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అందులో రాసి ఉంది. మన కోర్టుల్లో వాయిదాల సంగతి తెలిసినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

అమెరికాలో ఇవన్నీ మొదటినుంచీ ఉన్నాయనుకుంటాం. అదేం కాదు. కనెక్టికట్‌లోని టోరింగ్టన్‌లో ట్రేసీ థర్మన్ అనే ఆవిడ విడిగా ఉంటున్న భర్త బెదిరిస్తున్నాడని నెలల తరబడి పోలీసులకు మొరపెట్టుకుంది. 1983 జూన్‌లో అతను ఆమెను కత్తితో పొడిచాడు. పోలీసు వచ్చాక కూడా, అతని కళ్ళముందే ఆమెను తన్నాడు. ఆమె ఊరి మీద దావా వేసి 1985లో గెలిచింది, జ్యూరీ 23 లక్షల డాలర్లు ఇప్పించింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం చట్టం మార్చుకుంది. బ్రూక్లిన్‌లో 1996లో గృహహింస నేరాలకు ప్రత్యేక కోర్టు పెట్టారు. అక్కడ కేసంతా ఒకే జడ్జి చూస్తారు. బాధితురాలికి తోడుగా ఒకరుంటారు. నిందితుడు ఆంక్షలు పాటిస్తున్నాడో లేదో కోర్టే కనిపెట్టి ఉంటుంది.

మనవాళ్ళ ఇబ్బంది వేరు. 1994 ఫెడరల్ చట్టం పౌరుల భార్యలకు, గ్రీన్‌కార్డు ఉన్నవారి భార్యలకు సొంతంగా అర్జీ పెట్టుకునే దారి చూపింది. హెచ్-4 మీద వచ్చిన మన ఆడపిల్లకు ఆ దారి లేదు. అలాంటి బాధితులకు పని అనుమతి ఇవ్వవచ్చని 2006 జనవరిలో చట్టం అన్నది, అందుకు దరఖాస్తు ఫారం వచ్చింది 2017లో. పదకొండేళ్ళు ఎవరింట్లో ఎవరెలా గడిపారో!

నేను కొన్నేళ్ళుగా కోర్టులో తెలుగు దుబాసీగా పనిచేస్తున్నాను. కష్టమంతా మన మాటలతోనే. "చెయ్యి చేసుకున్నాడండీ" అంటుంది అమ్మాయి. ఆ మాటలో ఒక చెంపదెబ్బా ఉండవచ్చు, విరిగిన పక్కటెముకా ఉండవచ్చు. నా అంతట నేను కలిపి చెప్పకూడదు, తగ్గించి చెప్పకూడదు. ఈ మాటకు అర్థం ఆమెనే అడగాలి, అనుమతి ఇవ్వండని జడ్జిని కోరాను ఒకసారి. ఆవిడ సరేనని తానే అడిగారు: దేనితో కొట్టాడు, ఎక్కడ, ఎన్నిసార్లు, అప్పుడు పిల్లలెక్కడున్నారు. ఒక్కో ప్రశ్నకు ఆ అమ్మాయి గొంతు కొంచెం కొంచెంగా తేరుకుంది. తాత్కాలిక ప్రొటెక్షన్ ఆర్డర్ ఆ మధ్యాహ్నమే వచ్చింది.

బయట వసారాలో నా చెయ్యి పట్టుకుని, "అంతేనా ఆంటీ? నువ్వేం చేశావని నన్నేమీ అడగలేదేం?" అంది.

నాకు విద్యానగర్ ఇల్లు గుర్తొచ్చింది. ఏమీ అనలేక, ఆర్డరు కాపీల కోసం ఆమెను కిటికీ దగ్గర వరసలోకి తీసుకెళ్ళాను. మా ముందు ఇంకా నలుగురున్నారు.